స్టార్లు కాదు, మాటలు చదవండి

ప్రశ్న: నాలుగున్నర స్టార్లు ఉన్నాయని ఇంటి ఖర్చులు రాసుకునే యాప్ ఒకటి వేసుకున్నాను. నెల తిరక్కుండానే, డబ్బు కడితేనే పాత లెక్కలు చూపిస్తానంది. ఇక జనం అభిప్రాయాలను నమ్మడమెలా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: కూర్చుని రాసుకున్న లెక్కలు చేతికి రాకపోతే ఎంత బాధో నాకు తెలుసు. అయినా జనం మాటను వదులుకోకండి. మా అమ్మకు కథలు చదువుకునే యాప్ వెతికినప్పుడు ఐదు స్టార్ల కింద అన్నీ ‘సూపర్’, ‘బాగుంది’లే. మూడు స్టార్లిచ్చిన ఒకాయన మాత్రం ‘అక్షరాలు పెద్దవి చేస్తే కింది ఒత్తులు తెగిపోతున్నాయి’ అని రాశారు. వేసి చూశాను. నిజమే, ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అయింది. డెబ్బై ఏళ్ల కళ్లకు కావాల్సిన సంగతి అదే. ఆ ఒక్క వాక్యం రాసినాయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ప్లే స్టోర్‌లో కొత్త అభిప్రాయాలు ముందు వచ్చేలా పెట్టుకోవచ్చు. యాప్ ఈమధ్యే డబ్బు అడగడం మొదలుపెడితే అక్కడే బయటపడుతుంది. డబ్బిచ్చి రాయించే రివ్యూలను అరికట్టడానికి ప్రమాణాలు నిర్ణయించే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది గానీ, పాటించడం స్వచ్ఛందమన్నారు. నా ఉద్దేశంలో అది చాలదు.

మీకు జరిగింది మీరూ అక్కడ రాయండి. ఎన్నో రోజున అడిగింది, ఎంత అడిగింది, అన్నీ. తెలుగులోనే రాయండి.