రెండున్నర శ్రుతి గురించి చిన్నికి

ప్రొద్దుటూరు

చిన్నీ,

నువ్వు బెంగళూరులో స్టేజీ మీద బ్లూస్ అనే అమెరికా పాటలకు పియానో వాయించబోతున్నావని మీ నాన్న చెప్పగానే మీ అవ్వ వీధంతా చాటి వచ్చింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. పాటగాడి శ్రుతి ఈ-ఫ్లాట్ (E♭) అట, నీ వేళ్లకు అలవాటైంది సి (C) అట, అతన్నే కిందికి దిగమని అడుగుతావట. అడగవద్దు.

ఈ-ఫ్లాట్ అంటే మన రెండున్నర శ్రుతి. నువ్వు పంపిన పాటలు విని హార్మోనియం మీద వెతికాను. మీ బ్లూస్ స్కేలు మన శుద్ధ ధన్యాసి రాగమే, మ, పల మధ్యనుండే ప్రతిమధ్యమం ఒకటి అదనం. రెండున్నరలో ఆ రాగం స్వరాలు ఐదూ నల్ల మెట్ల మీదే పడతాయి, ప్రతిమధ్యమం ఒక్కటే తెల్లది. ఎడమచేతికి స, మ, ప కూడా నల్లవే. స నాలుగు ఆవర్తాలు, మ రెండు, స రెండు, ప ఒకటి, మ ఒకటి, స రెండు. కుడిచేయి ఒళ్లో పెట్టుకుని ముందు ఆ పన్నెండూ మెల్లగా తిప్పు. ఎడమచేయి కలిపి నొక్కే స్వరాల్లో (కార్డులో) తెల్ల మెట్టు అంతర గాంధారం, పైన నీ వేలి కింద నల్ల మెట్టు సాధారణ గాంధారం ఒరుసుకుంటాయి. అపస్వరమని చెయ్యి లాక్కోకు. నల్ల మెట్టు మీంచి పక్క తెల్ల మెట్టుకు వేలిని జారనీ.

కరెంటు కీబోర్డులో బటన్ నొక్కితే శ్రుతి మారుతుందిగా అంటావేమో. అక్కడున్నది అసలు పియానో, దానికి బటన్ ఉండదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మైదుకూరు దగ్గర ఒక ఊరి తిరునాళ్లలో నాటకం, హార్మోనియం నాది. కృష్ణ వేషధారి రెండున్నర ఇవ్వమన్నాడు. నేను సాధన చేసింది రెండులోనే. రాదని చెప్పడానికి నోరు రాలేదు. రెండు మెట్టు మీద వేలు పెట్టి, ‘ఇదిగో రెండున్నర’ అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి పద్యం ఎత్తుకున్నాడు. కింది స్థాయిలో గొంతు బరువెక్కింది. ఎప్పుడూ వన్స్‌మోర్ పడే చోట జనం బీడీలు ముట్టించుకున్నారు. తెల్లవారి టీ అంగడి దగ్గర ఆయనే నా భుజం మీద చెయ్యి వేసి, ‘గొంతు పోతోందబ్బాయీ, నిన్న శ్రుతి అందలేదు’ అన్నాడు. వారమంతా మిరియాల పాలు తాగాడు. నేనే గ్లాసు అందించాను. నిజం మాత్రం చెప్పలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

నిన్ను తిట్టాలని రాయడం లేదమ్మా. వేళకు తిను. పాటగాడికి ఇవాళే ఫోను చేసి, ఈ-ఫ్లాటే ఉంచమని చెప్పు. తర్వాత నాకు చెయ్యి, ఇద్దరం కలిసి వాయిద్దాం. అటక మీంచి దించిన పెట్టెలో తెల్ల మెట్లు రెండు మూగబోయాయి. నల్లవన్నీ పలుకుతున్నాయి.

మీ తాత