నిరుద్యోగం 3.2 శాతమేనా? మా ఇంటికి సర్వే వచ్చాక నాకు అర్థమైంది ఇదీ

మీరు అడిగింది: "కావలిలో మా ఒక్క వీధిలోనే డిగ్రీ అయి ఖాళీగా ఉన్న కుర్రాళ్లు ఆరుగురు. ప్రభుత్వమేమో నిరుద్యోగం 3.2 శాతమే అంటుంది. ఇది అబద్ధం కాదా?"

అబద్ధం కాదండీ. కాకపోతే మీరు నిరుద్యోగం అనుకునేది వేరు, వాళ్లు లెక్కపెట్టేది వేరు. 2025 దాకా నాకూ ఈ తేడా తెలియదు.

ఆ ఏడాది మార్చిలో టంగుటూరు దగ్గర మా ఊళ్లో పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే, ఉపాధి-నిరుద్యోగం లెక్కలు తీసే కేంద్ర ప్రభుత్వ సర్వేకి మా ఇల్లు పడింది. ట్యాబ్ పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది. ఏం పని చేస్తారని అడిగితే మా అమ్మ "నేనేం చేస్తానమ్మాయ్, ఇంట్లోనే ఉంటా" అంది. ఆ అమ్మాయి వదల్లేదు. గేదెల్ని ఎవరు చూస్తారు, పాలు కేంద్రానికి పోస్తారా, పొగాకు గ్రేడింగ్‌కి ఎన్ని రోజులు పోయారు అని తిప్పి తిప్పి అడిగింది. చివరికి అమ్మ పనిచేసేవాళ్ల లెక్కలోకి ఎక్కింది. "మరి నా జీతమేది?" అంది అమ్మ. నవ్వాం గానీ, అసలు కిటుకు అక్కడే ఉంది. ఇంటి వ్యవసాయంలో, ఇంటి కొట్లో జీతం లేకుండా సాయం చేసినా ఈ లెక్కలో అది ఉపాధే.

తర్వాత మా తమ్ముడు. డిగ్రీ అయ్యాక ఏడాదంతా ఉద్యోగం కోసం తిరిగాడు. మధ్యలో 40 రోజులు చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాశాడు. మీరు చెప్పిన 3.2 అనేది 2023-24 ఏడాది లెక్క. అందులో గడిచిన 365 రోజులు చూస్తారు. ఎక్కువ కాలం ఖాళీగా తిరిగినా, కనీసం 30 రోజులు ఏదో ఒక పని చేసి ఉంటే చాలు, నిరుద్యోగి కాదు. అంటే ఆ పద్ధతిలో మా వాడికి పని ఉన్నట్టే!

రెండో కొలత వారానిది. గత 7 రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఒక గంట పని దొరికితే ఉపాధి ఉన్నట్టు. 2025 ఏప్రిల్ నుంచి నెలనెలా ఇస్తున్న అంకెలు ఈ కొలతవే. ఆ ఏప్రిల్ అంకె 5.1 శాతం వచ్చింది. దాన్ని పాత 3.2 పక్కన పెట్టి "నిరుద్యోగం ఎగబాకింది" అని వాట్సాప్‌లో తిప్పారు. శేరుతో కొలిచిన బియ్యాన్ని, కిలోల్లో తూచిన బియ్యాన్ని పోల్చినట్టుంది.

ఇంకో తిరకాసు. ఈ శాతం మొత్తం జనం మీద కాదు. 2023-24లో 15 ఏళ్లు దాటిన ప్రతి 100 మందిలో పని చేస్తున్నవాళ్లు, పని కావాలనేవాళ్లు కలిపి 60 మంది. ఆ 60 మందిలో 3.2 శాతం అంటే దాదాపు ఇద్దరు. మిగతా 40 మంది ఈ లెక్కలోకే రారు.

అందుకే నేనైతే నిరుద్యోగ శాతం దగ్గర ఆగను. ఆడవాళ్ల భాగస్వామ్యం, అంటే ఆడవాళ్లలో పని చేస్తున్నవాళ్లు, పని కావాలనేవాళ్లు కలిపి, 2017-18లో 23.3 శాతం, 2023-24కి 41.7. వినడానికి బాగుంది. కానీ అవే ఏళ్లలో పనిచేసేవాళ్లలో స్వయం ఉపాధి వాటా 52 నుంచి 58 శాతానికి పెరిగింది, నెలజీతం వాళ్ల వాటా కాస్త తగ్గింది. స్వయం ఉపాధి అంటే సొంత కొట్టు యజమానే కాదు, మా అమ్మ కూడా. మీ వీధి కుర్రాళ్ల సంగతి కావాలంటే 15-29 ఏళ్ల వరుస చూడండి. 2023-24లో అక్కడ నిరుద్యోగం 10.2 శాతం ఉంది.

ఆ అమ్మాయి వరసగా నాలుగు నెలలు వచ్చింది, కొత్త పద్ధతి అదే. జూన్‌లో వచ్చేసరికి తమ్ముడు గ్రూప్స్ పుస్తకాల్లో ఉన్నాడు. "ఇప్పుడు పనిస్తే వెళ్తారా?" అని అడిగింది. "వెళ్లనండీ, చదువుకోవాలి" అన్నాడు. దాంతో ఆ నెల వాడు ఉద్యోగీ కాదు, నిరుద్యోగీ కాదు. మీ ఆరుగురినీ ఇదే ప్రశ్న అడిగి చూడండి.