గజ్జల్లో దురద: క్రీమ్ రాస్తే తగ్గుతోంది, ఆపితే రెట్టింపై వస్తోంది. పెళ్ళి లోపు పోతుందా?

తమ్ముడూ (26 ఏళ్ళని రాశావు, నాకు నలభై దాటాయి, అందుకే ఆ పిలుపు), నీ ప్రశ్నలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే మూడు రోజుల్లో పోతుంది, ఆపితే వారానికి డబుల్ అయి వస్తుంది" అన్నావు. 2019లో నేనూ చర్మం డాక్టర్‌తో అక్షరాలా ఇదే చెప్పాను. ఆయన చీటీ మీద రాస్తూనే, తల ఎత్తకుండా, "ఎన్ని ట్యూబులు?" అన్నారు.

లెక్కపెట్టలేదు సార్ అన్నాను. పెట్టమన్నారు. నెలకు రెండు చొప్పున పద్నాలుగు నెలలు. 15 గ్రాముల ట్యూబులు ఇరవై ఎనిమిది, అంటే 420 గ్రాములు. దాదాపు అరకిలో స్టెరాయిడ్ క్రీమ్! కూరగాయల లెక్కలోకి మార్చుకుంటే గానీ ఆ సంగతి నా బుర్రకెక్కలేదు.

ఎలా మొదలైందంటే, అప్పట్లో నాది ఫీల్డ్ సేల్స్ ఉద్యోగం. ఖమ్మం నుంచి సత్తుపల్లి దాకా బైక్ మీద తిరిగేవాణ్ణి. మే నెల ఎండ, బిగుతు జీన్స్, రోజుకు ఆరేడు గంటలు సీటు మీదే. ఎడమ తొడ సందులో రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ లేచింది. అంచు గట్టుకట్టినట్టు ఉండేది, మధ్యలో చర్మం మామూలుగానే ఉండేది. తామరే, అంటే ఫంగస్ వల్ల వచ్చే చర్మ జబ్బు. మా నాయనమ్మ చూసినా చెప్పేసేది, కానీ నాయనమ్మకు చూపించే చోటా అది? మెడికల్ షాపుకెళ్ళి, పక్కనున్న ఆడవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, "కింద దురదగా ఉంది" అని గొణిగాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు ఇంకేమీ అడగలేదు. ఒక ట్యూబు తీసి పేపర్లో చుట్టి ఇచ్చాడు. నాకూ అదే కావాలి, ఇంకేమీ అడగకుండా ఉండటం. ఆ రాత్రి నెల రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది. ఆ నిద్రే నా కొంప ముంచింది.

నీ ట్యూబు ఫొటో పెట్టలేదు కాబట్టి నీ దాంట్లో ఏముందో నేను చెప్పలేను. నువ్వే వెనక్కి తిప్పి, ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదువు. నా దాంట్లో నాలుగు మందులున్నాయి. క్లోబెటసాల్, ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్. చివరిది ఒక్కటే ఫంగస్ మీద పనిచేసే మందు. మధ్య రెండూ బాక్టీరియా లాంటి వేరే క్రిములకు, వాటికి తామరతో పనిలేదు. మొదటిది స్టెరాయిడ్, అదీ చర్మానికి రాసే స్టెరాయిడ్లన్నింటిలో అత్యంత బలమైన వర్గంలోది. కొన్నింటిలో క్లోబెటసాల్ బదులు బెక్లోమెటసోన్, బీటామెటసోన్, మోమెటసోన్ లాంటి పేర్లు ఉంటాయి. చివర "సోన్" అనో, "సాల్" అనో ఉంటే ఒకసారి ఆగి అడగమని డాక్టర్ నాకు చెప్పిన గుర్తు. అన్ని పేర్లకూ వర్తించదు గానీ పనికొస్తుంది.

దురద, ఎరుపు అనేవి ఫంగస్ నేరుగా చేసేవి కావట. ఫంగస్‌తో మన ఒళ్ళు పోట్లాడుతున్నప్పుడు పుట్టేవట. స్టెరాయిడ్ ఆ పోట్లాటను ఆపేస్తుంది. దొంగ వచ్చాడని కుక్క అరుస్తుంటే కుక్క నోరు కట్టేసి పడుకున్నట్టు. ఇల్లు నిశ్శబ్దంగానే ఉంటుంది, దొంగ మాత్రం తీరిగ్గా అన్ని గదులూ తిరుగుతుంటాడు. క్రీమ్ ఆపగానే ఒళ్ళు మళ్ళీ పోట్లాటకు దిగుతుంది. కానీ అప్పటికి రూపాయి బిళ్ళ కాస్తా అరచేయంత అయి ఉంటుంది. "ఆపితే డబుల్ అవుతోంది, అంటే ఈ క్రీమ్ లేకపోతే కుదరదు" అని నువ్వు అనుకుంటున్నావు చూడు, నేనూ పద్నాలుగు నెలలు అలాగే అనుకున్నాను. జరుగుతున్నది దానికి సరిగ్గా తలకిందులు. పైగా తామరకుండే గుండ్రటి ఆకారం కూడా చెదిరిపోయి, చూసినవాళ్ళకు అదేమిటో తెలియకుండా పోతుంది. 1968లోనే ఇద్దరు డాక్టర్లు దీనికి "టీనియా ఇన్‌కాగ్నిటో" అని పేరు పెట్టారు, మారువేషంలో ఉన్న తామర అన్నమాట.

ఇక ఆ చోటు సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు. ఒంటి మీద చర్మం అంతా ఒకటి కాదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను ఒంట్లో వేరువేరు చోట్ల రాసి, ఎంత లోపలికి ఇంకుతోందో కొలిచారు. ముంజేతి దగ్గర ఇంకేదాన్ని ఒకటి అనుకుంటే, నుదుటి మీద ఆరు, దవడ దగ్గర పదమూడు, వృషణాల సంచి మీద నలభై రెండు. అరికాలికి మాత్రం ఒకటిలో ఏడో వంతు. అంటే చేతికి రాస్తే ఏమీ కాని మందు అక్కడ రాస్తే నలభై రెట్లు ఇంకుతుంది! దీనికి తోడు తొడ సందుల్లో చర్మానికి చర్మం ఆనుకుని, చెమటతో, మీద కట్టు కట్టినట్టే ఉంటుంది, దాంతో మందు ఇంకా లోపలికి పోతుంది. క్లోబెటసాల్‌ను ముఖానికి, చంకలకు, గజ్జలకు వాడొద్దని మందుతో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది. ఆ కాగితం మడత విప్పినవాడెవడు?

స్టెరాయిడ్ విషం అని మాత్రం అనుకోకు. మా అమ్మకు అరచేతుల్లో ఎగ్జిమా, పగుళ్ళు. ఆమెకు డాక్టర్ ఇదే క్లోబెటసాల్ రెండు వారాలకని రాసిచ్చారు, తగ్గింది, ఆపేసింది. 1952 నుంచి చర్మానికి స్టెరాయిడ్ రాస్తున్నారు, ఎందరికో మేలు చేసిన మందు అది. ఏ జబ్బుకు, ఏ చోట, ఎన్నాళ్ళు అన్నదే లెక్క. నా విషయంలో ఆ మూడూ తప్పాయి.

నాకు జరిగిన నష్టం: ఏడో నెల కల్లా తొడ లోపలి వైపు కాన్పు తర్వాత కడుపు మీద పడేలాంటి చారలు పడ్డాయి, మొదట ఊదా ఎరుపులో, తర్వాత తెల్లగా. అవి ఇప్పటికీ ఉన్నాయి, పోవు. చర్మం ఉల్లిపొర అయింది. స్నానం నీళ్ళు తగిలినా మంట. దురద కంటే ఆ మంటే ఎక్కువ ఏడిపించింది. ఆ మంటకు మళ్ళీ అదే క్రీమ్! తర్వాత మా ఆవిడ నడుము దగ్గర మచ్చ లేచింది. ఆమెకూ నా ట్యూబే ఇచ్చాను, అదింకో తెలివి. చివరికి నాలుగేళ్ళ మా బాబు బుగ్గ మీద గుండ్రటి మచ్చ కనిపించిన రోజు సిగ్గూ గిగ్గూ అన్నీ వదిలి ఆసుపత్రికి వెళ్ళాను.

నేను వెళ్ళింది ప్రభుత్వాసుపత్రి చర్మ విభాగానికి. లైన్లో నా ముందు ముగ్గురూ ఇదే కేసు. నేను చెప్పుకోలేక చచ్చిపోతున్న విషయం అక్కడివాళ్ళకు జలుబు లాంటిది. డాక్టర్ మచ్చ అంచున బ్లేడుతో కాస్త పొట్టు గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూశారు. దారాల్లా కనిపిస్తే ఫంగస్. నొప్పి లేదు, సూది లేదు. ఒక మాట, పరీక్షకు వెళ్ళే రోజు అక్కడ ఏ క్రీమూ రాసుకుని వెళ్ళకు.

స్టెరాయిడ్ ఉన్న క్రీమ్ ఆపించారు. ఫంగస్‌కు మాత్రలు, పైన రాయడానికి వేరే ఏమీ కలపని ఫంగస్ క్రీమ్, దురదకు రాత్రిపూట ఒక మాత్ర. "రెండు మూడు వారాలు నరకం చూస్తావు, పారిపోకు" అని ముందే చెప్పారు. నిజంగానే చూశాను. ఐదో రోజు రాత్రి లేచి, మళ్ళీ పాత ట్యూబు కోసం బైక్ బ్యాగ్ వెతికాను. మా ఆవిడ అప్పటికే చెత్తలో పడేసింది. తడిపిన చల్లటి నూలు గుడ్డ వేసుకుని కూర్చున్నాను. నాలుగో వారానికి మంట తగ్గింది. పూర్తిగా పోవడానికి రెండున్నర నెలలు పట్టింది. మచ్చ మాయమయ్యాక కూడా క్రీమ్ రెండు వారాలు రాయించారు, మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పు బయట కూడా. మాత్ర పేరు ఇట్రాకొనజోల్, కానీ పేరు చెప్పానని నువ్వు కొనుక్కోకు. కొన్ని గుండె, కాలేయ సమస్యలున్నవాళ్ళకు అది పనికిరాదు, వేరే మందులతో గొడవ పెట్టుకుంటుంది. నా క్యాప్సూల్స్‌ను అన్నం తినగానే వేసుకోమన్నారు, గ్యాస్ మాత్రతో కలిపి వేసుకోవద్దన్నారు.

ఇన్నాళ్ళు ఎందుకంటే ఈ ఫంగస్ కూడా మునుపటిది కాదు. టెర్బినాఫిన్‌కు లొంగని రకం ఒకటి మన దేశంలో బాగా పాకింది. 2020లో జపాన్ పరిశోధకులు దానికి ట్రైకోఫైటన్ ఇండోటినే అని పేరు పెట్టారు, మన ఇండియా పేరు దాంట్లోనే ఉంది. 2023లో అది న్యూయార్క్‌లో కూడా బయటపడింది. ఇలాంటి మిశ్రమ క్రీములు విచ్చలవిడిగా వాడటం కూడా ఒక కారణమని చర్మ వైద్యులు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు, దీనికోసం వాళ్ళ సంఘంలో ప్రత్యేకంగా ఒక బృందమే ఉంది. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కాగితం మీద ఉంది. మా వీధి చివర షాపులో మాత్రం నిన్న కూడా అడిగితే ఇచ్చాడు (పరీక్షించడానికే అడిగాను, కొనలేదు).

ఇంట్లో నేను మార్చినవాటిలో అన్నింటికంటే పెద్ద గొడవ మొలతాడుది. చెమటకు నాని, ఎప్పుడూ ఆరని ఆ దారంలో ఫంగస్ కాపురం పెడుతుందని తీసేయమన్నారు. మా అమ్మ ససేమిరా అంది. మగవాడికి మొలతాడు లేకపోతే ఎలా అని రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి వెండిది చేయించుకుంటానని రాజీ, ఇంకా చేయించలేదు. తువ్వాళ్ళు ఎవరివి వాళ్ళకు. లోదుస్తులు వేడినీళ్ళలో నానబెట్టి, తిరగేసి ఎండలో ఆరేయడం. జీన్స్ మానేసి వదులు కాటన్ ప్యాంటు, ఇంటికి రాగానే లుంగీ. మా ఆవిడకు, బాబుకు ఒకేసారి వైద్యం. ఒక్కడికే చేస్తే ఇంట్లోనే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూ ఉంటుంది. నువ్వు హాస్టల్‌లో ఉంటున్నావు కదా, రూమ్మేట్‌ను కూడా ఒకసారి అడుగు. ఇద్దరూ ఒకే షాపు కస్టమర్లు అయి ఉంటారు.

నీ ప్రశ్నకు జవాబుగా ఎవరో నిమ్మరసం, ఉప్పు రాయమన్నారు. వద్దు తమ్ముడూ. మా మామయ్య యాంటిసెప్టిక్ లోషన్ నీళ్ళు కలపకుండా పోసుకుని చర్మం ఊడి పది రోజులు కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాడు. స్టెరాయిడ్‌తో పలచబడిన చర్మం మీద అయితే ఇంకా ఘోరం.

ఇంకో సంగతి. దురద అంటే తామరే అని కూడా నేను చెప్పలేను. మా బావమరిదికి అదే చోట దురద వచ్చింది, అతనూ తామరే అనుకున్నాడు. అది గజ్జి. రాత్రిళ్ళు ఎక్కువ, వేళ్ళ సందుల్లో కూడా పొక్కులు, ఇంటిల్లిపాదికీ దురద. మందు పూర్తిగా వేరు. మళ్ళీ మళ్ళీ వస్తోందంటే షుగర్ పరీక్ష కూడా చేయించుకో. స్టెరాయిడ్ నెలల తరబడి ఒంట్లో చాలా చోట్ల రాసి ఉన్నా, మాత్రలు, ఇంజెక్షన్లు కూడా తీసుకుని ఉన్నా సొంతంగా ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌కు చెప్పి ఆపు. ఆపాక విపరీతమైన నీరసం, వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

పెళ్ళి మూడు నెలల్లో అన్నావు. ఈ వారమే మొదలుపెడితే అప్పటికి తగ్గే అవకాశం బాగానే ఉంది, మాట ఇవ్వలేను. తగ్గకపోతే ఆ అమ్మాయికి చెప్పేయ్. మా ఆవిడ మచ్చ వచ్చినందుకు నన్ను ఒక్క మాట అనలేదు, పద్నాలుగు నెలలు దాచినందుకు మాత్రం ఇప్పటికీ అంటుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత ట్యూబులు ఎన్ని మిగిలితే అన్నీ కవర్లో వేసుకుని పట్టుకెళ్ళు, ఖాళీవి కూడా. లెక్క అడుగుతారు.