బియ్యం ఇచ్చిన నాయకుణ్ణి గోదారి లంకవాళ్ళు ఎందుకు తిట్టుకున్నారు?

మీ ప్రశ్న: వరదలో పడవలు వచ్చాయి, బియ్యం అందాయి, ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. అయినా నాయకుడు సూటిగా మాట్లాడలేదని జనం అంత మండిపడటం ఎందుకు? ఇంకేం కావాలి?

టైము కావాలండి. మాది కోనసీమలో ఏటిగట్టుకి గోదారి వైపున ఉన్న లంక, అంటే నది మేట వేసిన నేల మీద ఊరు, కాబట్టి ఈ సంగతి కాస్త చెప్పగలను. ఏడాది, ఊరు, ఆయన పేరు మాత్రం చెప్పను. చెబితే అసలు విషయం పోయి పార్టీల గొడవ మిగులుతుంది. పైగా ఆయన స్థానంలో వేరే పార్టీ వాళ్ళున్నా అలాగే మాట్లాడేవారని మా ఊళ్ళో చాలామంది నమ్మకం.

బయటివాళ్ళకి వరదంటే టీవీలో కనిపించే నీళ్ళు. మాకది అడుగుల లెక్క, గంటల లెక్క. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీళ్ళు మాకు ఎగువనున్న ధవళేశ్వరం బ్యారేజీ చేరడానికి దాదాపు ఒక రోజు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. మొదటి హెచ్చరికకి అటూ ఇటూగా పల్లపు కాజ్‌వేలు మునుగుతాయి, ఇక పడవే దిక్కు. మూడో హెచ్చరిక దాటిందంటే ఇంట్లో మంచం మీద మంచం వేసి సామాను ఎక్కిస్తాం. మా లంకలో బడికి పోని ముసలమ్మకి కూడా ఈ అంకెలు నోటికొచ్చు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చి గట్లు తెగిన రోజులు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 2006లో 28 లక్షలు దాటింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఏ వరద గురించి మాట్లాడినా ముందు ఈ మూడిట్లో దేనికి దగ్గరగా ఉందో చూసుకుంటాం. దాని పక్కనే ఇంకో లెక్క, అమావాస్యో పౌర్ణమో దగ్గర్లో ఉందా అని. పోటు మీదున్న సముద్రం గోదారిని తొందరగా లాక్కోదు, వచ్చిన నీళ్ళు లంకల మీదే నిలబడిపోతాయి.

ఇలాంటి జనం ముందుకి ఆయన వచ్చారు. అప్పటికి నీళ్ళు అరటితోటల్లోకి ఎక్కాయి. రేవు దగ్గర గట్టు మీద నలుగురు అనుచరులు గొడుగు పట్టారు, ఒకతను మైకు పట్టుకున్నాడు. మా వీధి చివర ఉండే ఒకావిడ, ఆవిడకి రెండు పాడి గేదెలు, ఒక దూడ, అన్నిటికంటే ముందు అడిగింది.

"బాబూ, గొడ్లని ఇప్పుడే గట్టెక్కించేయమంటారా, రేపు పొద్దుటిదాకా ఆగమంటారా?"

ఆయన నవ్వి, చేతులు జోడించి, "అమ్మా, మీరెవరూ భయపడొద్దు. ప్రభుత్వం మీకు అండగా ఉంది. అధికారులందరినీ అప్రమత్తం చేశాం" అన్నారు.

"అది కాదండీ, గొడ్లు..."

"పశుగ్రాసం కూడా ఏర్పాటు చేస్తున్నామమ్మా."

ఆవిడ ఇంకోసారి అడగలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చేసింది. కోపం మొదలైంది అక్కడే, బియ్యం దగ్గర కాదు.

గొడ్లని గట్టెక్కించడం అంటే ఏంటో తెలియనివాళ్ళకి ఆ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. నీళ్ళు మోకాలి లోతులో ఉండగా అయితే తోలుకుపోవచ్చు. నడుం లోతు దాటితే పడవ కావాలి. గేదె పడవెక్కదు. ఎక్కినా బెదిరితే పడవ తిరగబడుతుంది. ఈత కొట్టించి తీసుకెళ్ళాలంటే వడి లేని చోటు చూసుకోవాలి, ఇద్దరు మగాళ్ళు పక్కన ఉండాలి, వెలుగుండాలి. పోనీ తొందరపడి ముందే గట్టెక్కిస్తే వానలో రాత్రంతా కాపలా కాయాలి, పాలు తగ్గిపోతాయి, గట్టు మీద మేత ఉండదు. అంటే ఎటు చేసినా నష్టమే, ఏ నష్టం తక్కువో తేల్చుకోవడానికి ఆవిడకి కావలసింది ఒక్క ముక్క: రేపు పొద్దుటికి ఇంకా పెరుగుతుందా, ఇక్కడితో ఆగుతుందా? ఆ ముక్క ఆయన దగ్గర లేకపోవచ్చు. పక్కనున్న అధికారి దగ్గర ఉంది. భద్రాచలం నుంచి గంట గంటకీ రీడింగులు వస్తూనే ఉంటాయి కదా.

అదే సాయంత్రం గట్టుకి కాపలా తిరిగే లస్కరు ఒకాయన చెప్పిన మాట ఇది: "భద్రాచలంలో ఇంకా పెరుగుతోందండి. నాకు మళ్ళీ ఎనిమిదింటికి ఫోను వస్తది. అప్పుడొచ్చి చెప్తాను. ఈలోగా గొడ్లుంటే మాత్రం ఎక్కించేయండి, నేనైతే ఎక్కించేస్తాను." ఎనిమిదింటికి టార్చిలైటు వేసుకుని వచ్చాడు కూడా. ఆయన కూడా నిజానికి "నాకు తెలీదు" అనే అన్నాడు. కానీ ఎప్పుడు తెలుస్తుందో చెప్పాడు, తనైతే ఏం చేస్తాడో చెప్పాడు. ఆయన్ని ఎవరూ తిట్టలేదు సరికదా, గట్టు మీద పొయ్యి వెలిగించిన ప్రతివాళ్ళూ పిలిచి టీ ఇచ్చారు. చీకటి పడేలోపు ఆవిడ గేదెలు కూడా గట్టు మీదకి చేరాయి.

ఇక గట్టు సంగతి. మా రేవుకి కాస్త దిగువన ఒకచోట గట్టు అవతలి వైపు ఊట మొదలైంది. ఊట నీరు తేటగా వస్తుంటే కొంత ధైర్యం, బురదగా వస్తుంటే గట్టు లోపలి మన్ను కొట్టుకొస్తోందని అర్థం. ఆ రోజు బురదగానే వచ్చింది. కుర్రాళ్ళు ఇసుక బస్తాలు మోశారు. విలేకరులు ఆయన్ని అడిగారు, ఫలానా చోట గట్టు బలహీనంగా ఉందట కదా అని. "పరిస్థితిని ఎప్పటికప్పుడు సమీక్షిస్తున్నాం, పూర్తిగా అదుపులో ఉంది" అన్నారు. ఊట ఉందో లేదో చెప్పలేదు. గట్టు అవతలి ఊళ్ళవాళ్ళకి అదే అసలు ప్రశ్న, వాళ్ళ ఇళ్ళు గోదారి మట్టం కంటే పల్లంలో ఉంటాయి.

ఆ రాత్రి ఏమైంది? పదకొండు దాటాక వాట్సాప్‌లో "గండి పడింది" అని ఒక ఆడియో. ఎవరిదో గొంతు, వెనక నీళ్ళ హోరు. అది ఏ ఏడాదిదో, ఏ ఊరిదో ఎవరికీ తెలీదు. అవతలి ఊళ్ళో జనం పిల్లల్ని భుజానేసుకుని మేడలున్న ఇళ్ళకి పరుగెత్తారు. ఒక పెద్దాయన చీకట్లో కాలవలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. గండి పడలేదు. పొద్దున్న నాయకుడి కార్యాలయం నుంచి ప్రకటన: వదంతులు నమ్మవద్దు, వ్యాప్తి చేసినవారిపై చర్యలు తప్పవు. నాకు ఒళ్ళు మండింది అక్కడే. ముందురోజే "ఫలానా చోట ఊట వస్తోంది, ఇన్ని బస్తాలు వేశాం, ఇంజినీరు అక్కడే ఉన్నాడు, ఏమైనా అయితే గుడి మైకులో చెప్తాం" అని ఒక్క మాట అని ఉంటే ఆ ఆడియోని నమ్మేవాడెవడు? మైకులో రాలేదు కాబట్టి అబద్ధం అనుకుని పడుకునేవాళ్ళం.

ఆయన వైపు నుంచి కూడా చూడాలి. ఖాళీ చేయమని చెప్పాక నీళ్ళు రాకపోతే "అనవసరంగా పరుగులు పెట్టించాడు" అని తిట్టేది మేమే. అలా తిట్టినవాళ్ళని నేను చూశాను. గట్టు బలహీనంగా ఉందని ఒప్పుకుంటే, కిందటేడు దానికి మట్టి పోయించిన కాంట్రాక్టరు ఎవరన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న ఎటు వెళ్తుందో ఆయనకి తెలుసు. అంకె చెబితే అది రికార్డవుతుంది, మర్నాడు తేడా వస్తే అదే వీడియో తిప్పి తిప్పి వేస్తారు. "అండగా ఉన్నాం" అన్న మాటకి ఆ బాధ లేదు. ఎంత వరద వచ్చినా, రాకపోయినా అది అబద్ధం కాదు. నాయకుడికి ఆ మాట ఎంత భద్రమో మాకు అంత పనికిరానిది.

నీళ్ళు తీసాక ఇంకో అంకం. డెల్టాలో పొలం చేసేది చాలావరకు కౌలుదారులే, లంకల్లో అరటి, కంద, కూరగాయలు కూడా అంతే. పంట నష్టానికి ఇన్‌పుట్ సబ్సిడీ రావాలంటే 33 శాతం పైన దెబ్బతినాలి, ఈ-క్రాప్‌లో, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే జాబితాలో, పేరుండాలి. కౌలు కాగితం రాసివ్వడానికి చాలామంది భూస్వాములు ఒప్పుకోరు, దాంతో ఈ-క్రాప్‌లో భూమి గలాయన పేరే ఎక్కుతుంది. అప్పు చేసి గెల దాకా పెంచినవాడొకడు, ఖాతాలో డబ్బు పడేది ఇంకొకరికి. పరామర్శకి వచ్చినప్పుడు మా పక్కింటి కుర్రాడు ఇదే అడిగాడు: "ఈ-క్రాప్‌లో ఆసామి పేరుంటే డబ్బులు ఎవరికి పడతాయండి?" జవాబు: "అర్హులైన ప్రతి ఒక్కరికీ న్యాయం చేస్తాం." ఆ అర్హుడు ఎవరు అన్నదే కదా వాడు అడిగింది! "నీకు రావు తమ్ముడూ, ఇప్పుడున్న రూలు అది, మార్చమని రాస్తాను" అని చెప్పి ఉంటే వాడు బాధపడేవాడు, కానీ ఆ రోజే వెళ్ళి ఆసామితో మాట్లాడుకునేవాడు. "న్యాయం చేస్తాం" అన్న మాటని పట్టుకుని నష్టం లెక్కలు రాసుకునే గడువు అయిపోయేదాకా ఎదురుచూశాడు. జాబితాలో వాడి పేరు లేదు.

కాబట్టి "ఇంకేం కావాలి" అన్నదానికి నా జవాబు ఇదే. బియ్యం మాకు నీళ్ళొచ్చాక పనికొచ్చాయి, కాదనను. పాతిక కిలోలు మోసుకొచ్చిన సచివాలయం పిల్లలకి దండం పెట్టాలి. కానీ గొడ్లూ గట్టూ కౌలూ, ఈ మూడు చోట్లా మా నిర్ణయం మేమే తీసుకునే పరిస్థితిలో ఉన్నాం. దానికి కావలసిన సమాచారం ఉన్న మనిషి ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. సాయానికి చెయ్యి చాచే జనంలా చూశాడే తప్ప తమ పని తాము చక్కబెట్టుకునే జనంలా చూడలేదని మావాళ్ళ బాధ.

ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళకి ఒక మాట. "ఏం చేస్తారు" అని అడగొద్దు, దానికి చెప్పే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "ధవళేశ్వరంలో ఇప్పుడు ఎన్ని అడుగులు, ఇంకా పెరుగుతుందా, మళ్ళీ ఎప్పుడు చెప్తారు" అని అడగండి. నాయకుడు తప్పించుకుంటే అదే ప్రశ్న అక్కడికక్కడే పక్కనున్న తహసీల్దారుని అడగండి, నలుగురి ముందు అడిగితే చెబుతారు. విపత్తుల సంస్థ కంట్రోలు రూము 1070 కూడా ఉంది. ఎవరూ దొరక్కపోతే మా పద్ధతి పాతదే, నీటి అంచున పుల్ల గుచ్చి గంటకోసారి చూసుకోవడం.

మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు వరద వచ్చిందంటే ఒకటే రూలు, అడుగులూ టైమూ లేని పోస్టు పెట్టకూడదు. ఆ మధ్య ఆయన అనుచరుడొకతను రూలు సంగతి మర్చిపోయి, గట్టు మీద నిలబడిన ఫొటో పెట్టి "గౌరవనీయులు వరద పరిస్థితిని స్వయంగా సమీక్షించారు" అని రాశాడు. కింద గేదెలావిడ కొడుకు "ఎన్ని అడుగులండీ?" అని అడిగాడు. కాసేపటికి ఫొటో తీసేశాడు. అరగంట తర్వాత, ఎవరిని కనుక్కున్నాడో ఏమో, 12.1 అని ఒక్క అంకె పెట్టాడు, పక్కన టైముతో సహా.