పాత ట్యాబ్ మార్చాలా, మారిస్తే ప్రో మోడలే కొనాలా?

ప్రశ్న: నమస్తే అండీ. నా దగ్గర 2018 ఐప్యాడ్ ఉంది, 6వ తరం అంటారు కదా అది, 32 జీబీ. దాంట్లో పీడీఎఫ్‌లు చదువుతాను, మొదటి తరం ఆపిల్ పెన్సిల్‌తో నోట్స్ రాసుకుంటాను, రాత్రిళ్లు కాసేపు బొమ్మలు వేస్తాను, వారానికి రెండు మూడు వీడియో కాల్స్ ఉంటాయి. ఈమధ్య ఒక యాప్ లోంచి ఇంకో దాంట్లోకి వెళ్లి వస్తే చాలు మొదటిది మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతోంది, ఛార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతోంది, స్టోరేజ్ ఫుల్ అని రోజూ మెసేజ్ వస్తోంది. మా అబ్బాయి మాత్రం కొంటే ఐప్యాడ్ ప్రోనే కొను, మళ్లీ పదేళ్లు చూసుకోనక్కర్లేదు అంటున్నాడు. షాప్‌లో ప్రో చేతిలోకి తీసుకుని చూశాను, తేడా మామూలుగా లేదు. కానీ నాకు అంతది అవసరమా అని మనసు పీకుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ మనసు పీకడంలో న్యాయం ఉందండీ. షాప్‌లో మీరు పోల్చుకున్నది మీ పాత 2018 ట్యాబ్‌కీ ప్రోకీ, అవునా? ఆ పోలికలో ఏ కొత్త ట్యాబ్ అయినా గెలుస్తుంది, పక్క టేబుల్ మీద ఉన్న మామూలు ఐప్యాడ్ పట్టుకున్నా మీకు అబ్బా అనే అనిపించేది. మీరు చూడాల్సింది కొత్త మామూలు మోడల్‌కీ ప్రోకీ మధ్య తేడా, అదనంగా పెట్టే డబ్బంతా ఆ తేడాకే కదా వెళ్లేది. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు, పాతది విసిగించిన కోపం అంతా తీసుకెళ్లి ప్రో మీద పెట్టుబడి పెట్టేస్తున్నారు, నాకు అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఇప్పుడు మీ ఇబ్బందులు ఒక్కొక్కటి చూద్దాం. యాప్ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవ్వడం అంటే ర్యామ్, అదే తెరిచిన యాప్స్‌ని పట్టుకుని ఉంచే మెమరీ, చాలట్లేదని. మీ దాంట్లో ఉన్నది 2 జీబీ, పీడీఎఫ్ తెరిచి ఉంచి బ్రౌజర్‌లోకి వెళ్తే పీడీఎఫ్ యాప్‌ని మెమరీ లోంచి తీసేయక దానికి వేరే దారి లేదు. ఇది సెట్టింగ్స్ మార్చితే పోయే జబ్బు కాదు. స్టోరేజ్ సంగతి మాత్రం కొంతవరకు మీ చేతిలో ఉంది. 32 జీబీలో సిస్టమ్ తినేది తినగా మిగిలిందే మీది, అది అంచుల దాకా నిండితే అప్‌డేట్‌కి చోటుండదు, యాప్స్ తాత్కాలికంగా రాసుకునే ఫైళ్లకి చోటుండదు, ట్యాబ్ మొత్తం ఈడ్చుకుంటూ నడుస్తుంది. మా ఇంట్లో పాత ట్యాబ్ ఒకటి ఇలాగే ఉంటే డౌన్‌లోడ్ చేసి మర్చిపోయిన వీడియోలు, ఫార్వర్డ్ మెసేజ్‌ల ఫొటోలు అన్నీ తీసేసి ఏడెనిమిది జీబీ ఖాళీ చేశాం, ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర హాయిగా వాడాం. మీరూ ఈ వారం ఆ పని చేసి చూడండి, ఖర్చు లేని పని.

బ్యాటరీ విషయానికొస్తే, ఐప్యాడ్ బ్యాటరీని 1000 ఫుల్ ఛార్జ్ సైకిల్స్ తర్వాత కూడా 80 శాతం కెపాసిటీ మిగిలేలా తయారు చేస్తామని ఆపిల్ చెబుతుంది. ఒక సైకిల్ అంటే ఒకసారి ప్లగ్ పెట్టడం కాదు, ఈరోజు సగం రేపు సగం వాడితే కలిపి ఒకటి. రోజూ వాడే మనిషికి ఇన్నేళ్లలో అది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, పైగా వేడి తగిలితే లిథియం బ్యాటరీ ఇంకా త్వరగా ముసలిదవుతుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూపించడం 2024లో వచ్చిన మోడల్స్‌తోనే మొదలైంది కాబట్టి మీ దాంట్లో కనపడదు, సర్వీస్ సెంటర్‌లో టెస్ట్ చేయించుకోవాలి. అయితే మీ ట్యాబ్‌కి బ్యాటరీ మార్పించమని నేను చెప్పను, ఎందుకంటే బ్యాటరీ కొత్తదైనా 2 జీబీ ర్యామ్ అలాగే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ కూడా ఐప్యాడ్ ఓఎస్ 17 దగ్గరే ఆగిపోయింది, 18 దానికి రాలేదు. వెర్షన్ ఆగిన రోజే ట్యాబ్ పనికిరాకుండా పోదు, కొంతకాలం సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, యాప్స్ పాత వెర్షన్లతో నడుస్తాయి. కానీ బ్యాంక్ యాప్, వీడియో కాల్ యాప్ లాంటివి ఒక్కొక్కటే మాకు ఇంకా కొత్త ఓఎస్ కావాలి అంటాయి, అక్కడి నుంచి నిజంగా కష్టం మొదలవుతుంది.

కాబట్టి మార్చాలా అన్న దానికి నా జవాబు, మార్చండి. ప్రోనా అన్న దానికి కొంచెం వివరంగా చెప్పాలి.

ముందు అబ్బాయి చెప్పిన పదేళ్ల మాట. 2017లో వచ్చిన ఐప్యాడ్ ప్రోలు, 10.5 అంగుళాలది, 12.9 అంగుళాల రెండో తరానిది, ఈ రెండూ మీ మామూలు 2018 ఐప్యాడ్ ఆగిన చోటే, అంటే 17 దగ్గరే ఆగిపోయాయి. 2019లో వచ్చిన మామూలు 7వ తరం ఐప్యాడ్‌కేమో 18 వచ్చింది. అదే 2018 చివర్లో వచ్చిన ప్రో అయితే 26వ వెర్షన్ (18 తర్వాత ఆపిల్ నేరుగా ఈ నంబరే పెట్టింది) కూడా అందుకుంది, అది నిజంగా చాలాకాలం నిలబడింది. అంటే ప్రో అన్న పేరు చూసి ఆయుష్షు లెక్కపెట్టలేం, ఏ చిప్, ఎంత ర్యామ్, ఏ సంవత్సరంలో వచ్చింది అన్నదే లెక్క. ఈ ప్రకారం చూస్తే ఇప్పుడు మామూలుది కొనుక్కుని నాలుగైదేళ్ల తర్వాత మళ్లీ మామూలుది కొనుక్కునే మనిషి, ఒకే ప్రోని పదేళ్లు లాగే మనిషి కంటే ఎక్కువ కాలం కొత్త చిప్ మీద, కొత్త బ్యాటరీ మీద ఉంటాడు. బ్యాటరీకి ప్రో మామూలు అన్న తేడా తెలియదండీ, రెండూ ఒకేలా ముసలివవుతాయి.

ఇక బొమ్మలు. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇదే. చదవడం, నోట్స్, వీడియో కాల్స్ వరకే అయితే ఒక్క వాక్యంలో మామూలుది చాలు అని ముగించేవాడిని. 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్‌లో ఏ16 చిప్, స్టోరేజ్ 128 జీబీ నుంచి మొదలు, మీ మూడు ఇబ్బందులూ దాంతోనే పోతాయి. బొమ్మలు వేసేవాళ్లకి మాత్రం స్క్రీన్‌లో మూడు తేడాలు చేతికి తెలుస్తాయి. మామూలు దాంట్లో పై గాజుకీ కింద డిస్‌ప్లేకీ మధ్య సన్నటి సందు ఉంటుంది, పెన్సిల్ మొన ఒకచోట, గీత దానికి కాస్త కింద పడుతున్నట్టు ఉంటుంది. మామూలు దానికీ ప్రోకీ మధ్యలో ఉండే ఐప్యాడ్ ఎయిర్‌లోనూ, ప్రోలోనూ ఆ సందు ఉండదు, గాజూ డిస్‌ప్లే అతికించి ఉంటాయి. రెండోది రిఫ్రెష్ రేట్, మామూలుది ఎయిర్ రెండూ సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తాయి, ప్రో 120 సార్లు, అంటే గీత కొనకీ పెన్సిల్ మొనకీ మధ్య వెనకబాటు తగ్గుతుంది, గబగబా గీసేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. మూడోది ఓలెడ్, అంటే ఒక్కో చుక్కా సొంతంగా వెలిగి ఆరే స్క్రీన్, 2024 ప్రో నుంచి వచ్చింది, నలుపు నిజంగా నలుపుగా ఉంటుంది.

అయితే మీ ప్రస్తుత ఐప్యాడ్‌లో కూడా ఆ సందు ఉంది, అది కూడా 60 సార్లదే. ఇన్నేళ్లు దాని మీదే బొమ్మలు వేశారు. గీత ఎక్కడో పడుతోందని ఎప్పుడైనా విసుక్కున్నారా? విసుక్కుని ఉంటే ఎయిర్ చూడండి, ఆ ఒక్క ఇబ్బందికి అది చాలు. గీత వెనకబడుతోందని కూడా విసుక్కుని ఉంటే, బొమ్మలు రాత్రి కాసేపటి పని నుంచి రోజుకి మూడు నాలుగు గంటల పని అయ్యే సూచన ఉంటే, అప్పుడు ప్రో కొనండి, నేనే కొనమంటాను, చేతికి రోజూ తగిలే సుఖానికి డబ్బు పెట్టడం దండగ కాదు. అసలు ఎప్పుడూ గమనించనే లేదంటే, ఇవాళ షాప్‌లో చూసి గమనించినదాని కోసం అంత పెట్టకండి.

ఇంకో సంగతి షాప్‌లో ఎవరూ చెప్పకపోవచ్చు. మీ మొదటి తరం పెన్సిల్ ఏ16 ఐప్యాడ్‌కి పనిచేస్తుంది, చిన్న అడాప్టర్ ఒకటి కావాలంతే. 2024 నుంచి వచ్చిన ప్రోలకి, ఎయిర్‌లకి అది పనిచేయదు, రెండో తరం పెన్సిల్ కూడా పనిచేయదు, వాటికి పెన్సిల్ ప్రో గానీ యూఎస్‌బీ సీ పెన్సిల్ గానీ కొనాల్సిందే. అందులో యూఎస్‌బీ సీ పెన్సిల్ చవకది కదా అని తీసుకోకండి, దానికి ఒత్తిడి తెలియదు, గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా గీత ఒకటే లావు, బొమ్మలు వేసే మీకు అది పెద్ద లోటు. కవర్, కీబోర్డ్ కూడా సైజు మారితే మళ్లీ కొత్తవే. ప్రో ధర చూసేటప్పుడు ఇవన్నీ కలిపి ఒక కాగితం మీద రాసుకుని చూడండి.

మీరు రాసినంత వరకు చూస్తే నాకు తోచింది ఇదీ: ఏ16 మామూలు ఐప్యాడ్, 128 చాలదనిపిస్తే 256 జీబీ, మీ పాత పెన్సిల్, ఒక అడాప్టర్. ఈసారి షాప్‌కి వెళ్లినప్పుడు మామూలు దాని మీదా ఎయిర్ మీదా పావుగంట చొప్పున ఒకే బొమ్మ వేసి చూడండి, ప్రోని ఆఖర్న ముట్టుకోండి.

ప్రశ్న: నేను కోడింగ్ నేర్చుకుంటున్నాను. పాత ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉంది, నెమ్మదిగా ఉంది. ల్యాప్‌టాప్ బదులు కీబోర్డ్‌తో సహా ప్రీమియం ట్యాబ్ కొంటే రెండు పనులూ జరుగుతాయి కదా అనుకుంటున్నా. సరైన ఆలోచనేనా?

జవాబు: కాదు తమ్ముడూ, ఈ ఒక్క విషయంలో గట్టిగా చెప్తున్నా. 2024 ఐప్యాడ్ ప్రోలో ఉన్న ఎం4 చిప్ మ్యాక్‌బుక్‌లలో కూడా వచ్చింది, కానీ ఐఫోన్ యాప్స్ తయారుచేసే ఎక్స్‌కోడ్ ఐప్యాడ్ మీద నడవదు. ఆండ్రాయిడ్ స్టూడియోకి కూడా విండోస్, మ్యాక్, లినక్స్ లాంటి కంప్యూటర్ సిస్టమ్ కావాలి. శామ్‌సంగ్ ట్యాబ్‌లలో డెక్స్ అని ఉంటుంది, కంప్యూటర్‌లాగా కిటికీలు కిటికీలుగా తెరుచుకుంటాయి, కానీ ఆ కిటికీల్లో ఉండేవి ఆండ్రాయిడ్ యాప్సే. బ్రౌజర్‌లో కోడ్ రాసే సైట్లు ఉన్నాయి, నేర్చుకునే మొదట్లో అవి సరిపోతాయి, తర్వాత టెర్మినల్, లోకల్ సర్వర్, డేటాబేస్ అంటూ వచ్చేసరికి గోడకి తల కొట్టుకున్నట్టు ఉంటుంది. ప్రీమియం ట్యాబ్‌కీ దాని కీబోర్డ్‌కీ పెట్టే డబ్బుతో మంచి ల్యాప్‌టాపే వస్తుంది, అది కొనుక్కో. నీ పాత ట్యాబ్ పక్కన పెట్టుకుని దాంట్లో పాఠాలు చూడు, డాక్యుమెంట్లు చదువు, ఆ పనికి నెమ్మదిగా ఉన్నా ఫర్వాలేదు.

ప్రశ్న: మా ట్యాబ్ వెనక భాగం కొంచెం ఉబ్బినట్టుంది, స్క్రీన్ ఒక అంచున లేచింది. పనైతే బాగానే చేస్తోంది. ఇంకో ఆర్నెల్లు ఆగి కొత్త మోడల్స్ వచ్చాక కొందామా?

జవాబు: ఆగొద్దండీ, ఇది చదవగానే దాన్ని ఆపేయండి. అది బ్యాటరీ ఉబ్బడం, లోపల గ్యాస్ తయారై పొంగుతుంది, పని బాగా చేస్తోందా లేదా అన్నదానితో సంబంధం లేదు. ఛార్జింగ్ పెట్టకండి, లేచిన స్క్రీన్‌ని వేలితో నొక్కి సరిచేయాలని చూడకండి, సూదితో గానీ స్క్రూడ్రైవర్‌తో గానీ అసలు ముట్టుకోకండి, గుచ్చుకుంటే మంట లేవచ్చు. పరుపు, కాగితాలు, కర్టెన్లు లాంటి అంటుకునేవాటికి దూరంగా గట్టి నేల మీద పెట్టి వీలైనంత త్వరగా సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. చెత్తబుట్టలో వేయకండి, చెత్త బండిలో నలిగితే అక్కడివాళ్లకి ప్రమాదం. ఏ మోడల్ కొనాలన్నది తర్వాత మాట్లాడుకుందాం, పిల్లలున్న ఇల్లయితే ముందు ఈ పని ఇవాళే చేయండి.

ప్రశ్న: ఓలెడ్ స్క్రీన్ ఉన్న ట్యాబ్ కొందామంటే కళ్లు నొప్పి వస్తాయని భయపెడుతున్నారు. నిజమా?

జవాబు: అందరికీ కాదు, కొందరికి. చాలా ఓలెడ్ స్క్రీన్లు వెలుగు తగ్గించడానికి కంటికి కనపడనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి, కొందరికి అది పడదు, తలనొప్పి వస్తుంది. ఇప్పటికే ఓలెడ్ ఫోన్ రాత్రిళ్లు తక్కువ వెలుగులో ఇబ్బంది లేకుండా చదువుతున్నారంటే మీరు పెద్దగా బెంగపడక్కర్లేదు. ఫోన్‌తోనే తల పట్టేస్తోందంటే మాత్రం ఎల్‌సీడీ, అంటే వెనక నుంచి లైటు పడే స్క్రీన్ ఉన్న ట్యాబ్‌కే వెళ్లండి. తేల్చుకోలేకపోతే, స్నేహితుల దగ్గర ఉన్నది ఒక రాత్రికి అడిగి తెచ్చుకుని, మీరు రోజూ చదివే వెలుగులోనే ఒక గంట చదవండి, షాప్‌లో ఫుల్ బ్రైట్‌నెస్ మీద చూస్తే ఏమీ తెలియదు.

ప్రశ్న: కొత్త ఐప్యాడ్ కొన్నాను. పాత 6వ తరం ఐప్యాడ్ మా చెల్లెలికి ఇద్దామా, ఉంచుకుందామా?

జవాబు: మీ దగ్గర మ్యాక్ ఉంటే ఒక్కసారి ఆలోచించుకోండి, సైడ్‌కార్ అనే సదుపాయం 6వ తరం ఐప్యాడ్‌కి కూడా ఉంది, కంప్యూటర్‌కి రెండో స్క్రీన్‌లాగా వాడుకోవచ్చు. లేదంటే ఇచ్చేయండి, సొరుగులో పడేస్తే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి అక్కడే చచ్చిపోతుంది. ఇచ్చే ముందు కొత్త దాంట్లోకి అన్నీ వచ్చాయో లేదో ఒక వారం వాడి చూసుకోండి, ముఖ్యంగా నోట్స్, బొమ్మల యాప్స్‌లో దాచినవి, కొన్ని యాప్స్ ఫైళ్లని ట్యాబ్‌లోనే ఉంచుకుంటాయి, బ్యాకప్‌లోకి పంపవు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో మీ ఆపిల్ అకౌంట్ లోంచి సైన్ అవుట్ అయి, అప్పుడు మొత్తం ఎరేజ్ చేయండి. అకౌంట్ తీయకుండా ఇస్తే యాక్టివేషన్ లాక్ పడి, మీ పాస్‌వర్డ్ ఇస్తే తప్ప చెల్లెలి చేతిలో అది తెరుచుకోదు. ఇచ్చేటప్పుడు ఇది ఓఎస్ 17 దగ్గర ఆగిపోయిన ట్యాబ్, బ్యాంక్ పనులు దీంట్లో పెట్టుకోకు అని ఆ అమ్మాయికి చెప్పి మరీ ఇవ్వండి.