తెరిపిలో తోట, జల్లులో రాత

అమ్మాయీ, ఆశీస్సులు.

రోజంతా తోటపనికీ రాతకీ ఉంచుకున్నావు, ఆకాశమేమో గంటకో తీరు. ఇలాంటి రోజుకి గడియారం చూసి పనులు పంచుకోకు. దేని తర్వాత ఏదన్నది మట్టి పదును బట్టే తేలాలి.

పొద్దున్నే మడిలో నాలుగంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో గట్టిగా నొక్కు. ఆ ఉండను బొటనవేలితో తాకగానే పొడిగా విడిపోతే పదునుంది, తవ్వుకోవచ్చు. ముద్దలాగే ఉండి వేలి గుర్తు పడిందా, ఆ మడిలో అడుగు కూడా పెట్టకు. తడి బంకమట్టిని తొక్కితే గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. ఆరాక పెళ్ళలు కట్టి, వేరు దిగదు. అరపూట ఆగలేక మడిని పాడుచేసుకున్నవాళ్ళు చాలామంది.

ఆకులు తడిగా ఉన్నంతసేపూ చిక్కుడు, టమాటా మొక్కల జోలికి పోకు. కలుపు తీస్తున్నాననుకుంటూ చేత్తో, బట్టలతో తెగులును ఒక మొక్క నుంచి ఇంకోదానికి అంటిస్తావు. ఆ సమయం రాతది.

తెరిపి ఇచ్చి ఆకులు ఆరాక టమాటా కింది ఆకులు అడుగెత్తు వరకు తుంచేసి, మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి రెండంగుళాల మందాన పరుచు. కాండానికి మాత్రం తగలనివ్వకు, కుళ్ళుతుంది. చినుకుల దెబ్బకి మట్టి ఆకుల మీదికి చిమ్మకుండా ఉండడానికే ఇదంతా. విత్తనాన్ని దాని మందానికి రెండు మూడు రెట్ల లోతున వేసి, పైన జల్లించిన కంపోస్టు కప్పు. మట్టే కప్పితే పెద్ద వాన తర్వాత పైపొర అట్టకట్టి మొలక పైకి రాలేదు. నారు నాటడం మబ్బు సాయంత్రానికి వదిలెయ్. ఎరువు ఇవాళ వెయ్యకు, కొట్టుకుపోతుంది.

వాన పడింది కదా అని నీళ్ళు మానెయ్యడం ఇంకో పొరపాటు. నిటారు గోడల డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, నిలిచిన నీటిని స్కేలుతో కొలువు. 1 మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు 1 లీటరు. రెండు మూడు మిల్లీమీటర్ల జల్లు పైపైనే తడుపుతుంది. చూరు కింది కుండీలకైతే అదీ అందదు, వేలు గుచ్చి చూడు.

రాతకి కూర్చోగానే ముందు తోట నోటుబుక్కులో మూడు వరుసలు రాసుకో: తేదీ, వాన ఎంత, ఏం విత్తావు ఎంత లోతున. తర్వాతే నీ అసలు రాత. వాన ఆగగానే పేరా పూర్తిచేసి లేద్దామని కూర్చోకు, వాక్యం మధ్యలోనే లే. తిరిగొచ్చాక ఆ సగం వాక్యమే నిన్ను లోపలికి లాగుతుంది. పూర్తయిన పేరా దగ్గర ఆగితే మళ్ళీ మొదలుపెట్టడం కష్టం.

నోటుబుక్కుకైనా మొక్కల పేరు చీటీలకైనా పెన్సిలే వాడు. సిరా తడికి పాకుతుంది, మార్కరు ఎండకి వెలిసిపోతుంది.