‘సఫ్రజెట్’ సినిమాలో మాడ్ వాట్స్ నిజంగా ఉన్న మనిషేనా?

కాదు, 2015లో వచ్చిన ‘సఫ్రజెట్’లో కేరీ మలిగన్ పోషించిన లాండ్రీ కార్మికురాలు మాడ్ వాట్స్ కల్పిత పాత్ర. ఈ సినిమా కథ బ్రిటన్‌లో మహిళల ఓటు హక్కు ఉద్యమం గురించి. అక్కడ ఓటు కోసం పోరాడినవాళ్లలో ఎమ్మెలీన్ పాంక్‌హర్స్ట్ లాంటి నాయకురాళ్ల పేర్లే ఎక్కువగా మిగిలాయి. పనికెళ్లే మామూలు ఆడవాళ్ల కథ చెప్పాలంటే ఇలా ఒక మాడ్‌ను సృష్టించక తప్పలేదు.

ఆమె పడే కష్టాలు మాత్రం కల్పన కావు. జైల్లో నిరాహార దీక్ష చేస్తే కదలకుండా పట్టుకుని, ముక్కులోంచి రబ్బరు గొట్టం దించి, బలవంతంగా ద్రవాహారం పోసే దృశ్యం ఉంది కదా, అది ఎందరో ఖైదీలకు నిజంగా జరిగింది. చూడటమే కష్టంగా ఉంటుంది, భరించినవాళ్ల సంగతి చెప్పేదేముంది! సినిమాలో కనిపించే మరో ఉద్యమకారిణి ఎమిలీ డేవిసన్ మాత్రం నిజమైన మనిషే. 1913 జూన్ 4న ఎప్సమ్ డెర్బీ గుర్రప్పందెంలో రాజుగారి గుర్రం ఢీకొని, నాలుగు రోజులకు చనిపోయింది. సినిమా చివర కనిపించేది ఆమె అంతిమయాత్ర అసలు ఫుటేజీయే.

ఆ మరణంతో మహిళలందరికీ ఓటు వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. రాలేదు. 1918లో 30 ఏళ్లు నిండి, ఆస్తి అర్హత ఉన్నవాళ్లకే ఇచ్చారు. మగవాళ్లతో సమానంగా 21 ఏళ్లకే ఓటు దక్కింది 1928లో.